ఆగకుండా పెరిగిన కణాలు

నిరోష కుదురుగా కూర్చుని అన్నం తినడం ఆమె తల్లి సోమమ్మ చూసింది తక్కువ. తార్నాకలో, లాలాపేట్ వైపు దిగే సందులో, మూడో అంతస్తులో వాళ్ల ఇల్లు. పొద్దున ఏడున్నరకు వంటింటి గట్టు పక్కన నిలబడి, ఒక చేత పళ్లెం, ఒక చేత ఫోను పట్టుకుని, నాలుగు ముద్దలు మింగి బయటపడుతుంది.

"ఎవరో తరుముతున్నట్టే పోతవ్. జర కూసోరాదు బిడ్డా," అంటుంది సోమమ్మ.

నిరోష భర్త దిలీప్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగి. పెళ్లయిన కొత్తలో ఆయనా ఈ మాట అనేవాడు. తరవాత మానేశాడు.

ఆమె పని అలాంటిది. యూనివర్సిటీ క్యాంపస్‌లో జీవశాస్త్రం చెబుతుంది. పాఠాలు పోగా మిగిలిన వేళంతా మూలకణాలతో గడుస్తుంది. మనిషి రక్తంలోంచి తీసిన కణాలను వెనక్కి మళ్లించి, ఇంకా ఏదీ కాని, ముందు ముందు ఏదైనా కాగల మూలకణాలుగా మార్చాలి. ఆ మూలకణాలను మళ్లీ ఇరవై రెండు రోజులు కనిపెట్టుకుని ఉండి, దశకో తీరు తిండి పెట్టి, లివర్ కణాలుగా తయారుచేయాలి. ఆ తిండిని మీడియం అంటారు. చూడటానికి గులాబీ రంగు నీళ్లు. రోజూ ఒకే వేళకు పాతది తీసి కొత్తది పోయాలి. ఆదివారమైనా, క్రిస్మస్ అయినా, బంద్ అయినా పోయాల్సిందే. తను రీసెర్చి చేసే రోజుల్లో క్యాంపస్‌లో ఉద్యమం నడుస్తుండగా, గేట్లు మూసేస్తే, ముక్కుకు తడి దస్తీ కట్టుకుని వెనక గోడ దూకి వెళ్లి మీడియం మార్చి వచ్చిన మనిషి నిరోష.

లివర్ మీద ఆమెకు మొదట్లో ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. వాళ్లది మెదక్ వైపు పల్లె. తండ్రి బాలస్వామి తాపీ పని చేసేవాడు. ఆమె ఇంటర్‌లో ఉండగా చనిపోయాడు. తల్లి మిషన్ ఆస్పత్రి కాన్పుల వార్డులో ఆయా. ఎమ్మెస్సీ అయ్యాక రీసెర్చి సీటు కోసం తిరిగితే ఆ ఏడు ఒక్క ల్యాబులోనే ఖాళీ ఉంది. ఆ ల్యాబులో లివర్ మీద పని జరుగుతోంది. చేరింది. పదహారేళ్లు గడిచాయి. ఇప్పుడు ఎవరైనా ఎదురుపడితే వాళ్ల కళ్లలో కామెర్ల పసుపు ఉందా అని ముందు చూస్తుంది.

ఆమె చేయాలనుకున్నది చెప్పడానికి తేలిక. కొత్త మందు ఏదైనా ముందు లివర్ దాన్ని తట్టుకుంటుందో లేదో చూడాలి. మనుషుల మీద చూడకుండా, మనిషి లివర్ కణాలనే ప్లేటులో పెంచి, వాటి మీద చూడగలిగితే చాలా మేలు. చిక్కేమిటంటే, మూలకణాల నుంచి తయారైన లివర్ కణాలు వారం బతికితే ఎక్కువ. పెరగవు. ఉన్నన్నాళ్లు ఉండి రాలిపోతాయి. ఏళ్ల తరబడి నిరోష చూసింది ఆ రాలిపోవడమే.

కిందటి జూలైలో మాత్రం ఒక ప్లేటు రాలిపోలేదు.

ముందు చూసింది సింధూజ. జగిత్యాల నుంచి వచ్చిన రీసెర్చి విద్యార్థిని, నిరోష దగ్గర నాలుగో ఏడు. మాట తక్కువ, చేయి నెమ్మది, రాత ముత్యాల్లా ఉంటుంది. "మేడం, సెవెన్ నంబర్ ప్లేటు ఒకసారి చూడుండ్రి. సచ్చిపోతలేవు. ఇంకా పెరుగుతున్నయ్," అని పరుగున వచ్చి చెప్పింది.

ఏడో నంబరు అంటే ఏడో దాత. పేరు ఎవరికీ తెలియదు. ముప్ఫై నాలుగేళ్ల ఆడమనిషి, ఆరోగ్యవంతురాలు అని మాత్రం కాగితం మీద ఉంది. ఆమె రక్తం నుంచి తయారైన లివర్ కణాలు పదో రోజుకీ ఉన్నాయి, ఇరవయ్యో రోజుకీ ఉన్నాయి. వేరే ప్లేటులోకి మారిస్తే అదీ నిండింది. లివర్ తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఆ మీడియంలో దండిగా కనిపించింది. విభాగమంతా వచ్చి మైక్రోస్కోపులో చూసి వెళ్లింది. ప్రొఫెసర్ శశిధర్ ప్రొద్దుటూరు మనిషి, నిరోషకు పెద్దదిక్కు లాంటివాడు. ఆయన స్వయంగా తార్నాక చౌరస్తాకు వెళ్లి మైసూర్‌పాక్ తెచ్చి పంచాడు. పేపరు రాశారు. జనవరిలో ఒక మంచి పత్రిక దాన్ని అంగీకరించింది. మొదటి పేరు సింధూజది. ఆమె థీసిస్‌లో మూడు అధ్యాయాలు ఆ ప్లేటు మీదే నిలబడి ఉన్నాయి.

నిరోషకు నిలకడ తప్పింది కూడా అప్పటి నుంచే.

ఫిబ్రవరిలో బెంగళూరులో ఒక సదస్సులో ఈ పని గురించి చెప్పాలి. ఒక శుక్రవారం మధ్యాహ్నం బొమ్మలన్నీ వరసగా పెట్టుకుంటూ ఒక చోట ఆగింది. లివర్ కణాలు పక్కపక్కన పరిచిన నాపరాళ్లలా ఉంటాయి. అంచులు తేటగా, ఒక్కొక్కదానిలో రెండేసి కేంద్రకాలు. ఈ కణాలు మొదట్లో అలాగే ఉన్నాయి. ఆగస్టు బొమ్మల్లో అవి పరుచుకోవడం లేదు. ఒకదాని మీదొకటి కుప్పపడుతున్నాయి. దానితో పాటు ఇంకొకటి గుర్తొచ్చింది. మందును విరగ్గొట్టే శక్తి ఎంత ఉందో చూసే పరీక్ష ఒకటి సెప్టెంబరులో చేశారు. ఫలితం చాలా తక్కువ వచ్చింది. "కిట్ పాతది కావచ్చు, మళ్లీ చూద్దాం," అని ఆ గ్రాఫును పక్కన పెట్టింది తనే. మళ్లీ చూడలేదు.

అదే ల్యాబులో ముఖేష్ అనే ఎమ్మెస్సీ విద్యార్థి ప్రాజెక్టు కోసం లివర్ కాన్సర్ కణాలు పెంచేవాడు. ఎప్పుడో, ఎక్కడో ఒక మగ రోగి కణితి నుంచి తీసినవి అవి. ప్రపంచంలో ఎన్నో ల్యాబుల్లో పెరుగుతూనే ఉంటాయి. వాటికి చావు లేదు. అవీ ఆల్బుమిన్ చేస్తాయి. మందును విరగ్గొట్టడం మాత్రం వాటికి సరిగా చేతకాదు. ఒక్క కణం పొరపాటున వేరే ప్లేటులో పడితే చాలు, నెల తిరిగేసరికి అసలు కణాలను తోసేసి ప్లేటంతా ఆక్రమిస్తుంది.

ఆ ఆలోచన రాగానే నిరోష లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది. చివరికి శశిధర్ గదికి వెళ్లింది.

ఆయన అంతా విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏమ్మా, అయిపోయిన పెళ్లికి ఇప్పుడెందుకు జాతకాలు చూస్తాండావు? అచ్చులోకి పోనీ. తీరుబడిగా చూసుకుందాంలే."

"అచ్చయినంక చూస్తే ఏం లాభం సార్?"

"మంచిగా పెరుగుతాంటే అనుమానం, చస్తే ఏడుపు. నీకు నెమ్మది లేదు తల్లీ," అన్నాడాయన. కోపంగా కాదు, జాలిగానే.

నిరోష ఎవరికీ చెప్పకుండా శనివారం ల్యాబుకు వెళ్లింది. పరీక్ష పెద్దది కాదు. దాత ఆడమనిషి. ఆడవాళ్ల కణాల్లో మగ క్రోమోజోము ఉండకూడదు. అది ఉందో లేదో చూస్తే చాలు. ఏడో నంబరు ప్లేటు నుంచి కొన్ని కణాలు తీసి ఐస్ మీద పెట్టుకుంది. అంతలో సింధూజ లోపలికి వచ్చింది.

"మేడం, అది నా ప్లేటు కదా. ఏం చేస్తున్నరు?"

చెప్పక తప్పలేదు. సింధూజ ముఖం పాలిపోయింది. "మీకు డౌట్ ఉంటే నాకు చెప్పొచ్చు కదా. నేను ముఖేష్ సామాను ఎన్నడు ముట్టలే."

నిరోష మనసు అప్పటికే ఉడికిపోతోంది. "నీ చెయ్యి శుభ్రంగ ఉంటే నీకెందుకు భయం?" అనేసింది.

సింధూజ బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

పరీక్షకు మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలూ నిరోష ఒక్క చోట నిలవలేకపోయింది. కారిడార్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మెట్లు దిగి, రాతి భవనం చుట్టూ తిరిగి, చెట్ల కింద బ్యాంకు పరీక్షలకు చదువుకునే పిల్లలను దాటుకుంటూ రోడ్డు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. టీ చెప్పి, తాగకుండానే లేచింది. నాలుగింటికి, డీఎన్ఏను గీతలుగా చూపే జెల్ తీసి వెలుతురు మీద పెట్టింది. ఉండకూడని మగ క్రోమోజోము గీత ఉంది. మసకగా కూడా కాదు. సుద్దతో గీసినంత స్పష్టంగా.

రెండోసారి చేసింది. మళ్లీ అదే గీత. సోమవారం హబ్సిగూడలో డీఎన్ఏ సరిపోల్చే ఒక ప్రయోగశాలకు నమూనా పంపింది. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. ఏడో నంబరు ప్లేటులో ఏడో దాత లేదు. ఉన్నదంతా కాన్సర్ కణాలే. ప్రపంచం మెచ్చుకోబోయిన ఆ లివర్ కణాలు ఏడు నెలల నుంచి వేరే మనిషివి.

ఇక ఎప్పుడు కలిశాయన్నది తేలాలి. కిందటేడు ఏప్రిల్‌లో ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాచిన ఏడో దాత కణాలు శుభ్రంగా ఉన్నాయి. జూన్ చివర దాచినవాటిలో మగ గీత అప్పటికే సన్నగా కనిపించింది. అంటే ఆ మధ్యలోనే ఎప్పుడో జరిగింది. నిరోష సింధూజ నోట్‌బుక్ తెరిచింది. ప్రతి రోజూ తేదీ, వేళ, సంతకం. సింధూజ ముత్యాల రాత పేజీ తరవాత పేజీ సాగింది. జూన్ రెండో వారం దగ్గర రాత మారింది.

ఎనిమిది రోజుల పాటు అక్షరాలు వంకరగా, తొందరగా, సగం పదాలతో ఉన్నాయి. అది తన రాతే.

అప్పుడు గుర్తొచ్చింది. సింధూజ అక్క పెళ్లికి జగిత్యాల వెళ్లింది. ముఖేష్‌కు పరీక్షలు. ఇద్దరి ప్లేట్లూ తనే చూసుకుంది. ల్యాబులో రెండు హుడ్‌లు ఉండాలి. కణాలను తెరిచేది ఆ అద్దాల పెట్టెల్లోనే. అందులో ఒకటి చెడిపోయి ఉంది. తొమ్మిదిన్నరకు క్లాసు. ఒక రోజు పేజీలో తనే రాసుకుంది: "7, ముఖేష్, రెండూ మార్చాను, మీడియం ఒకే సీసా." తన విద్యార్థులకు మొదటి రోజే చెప్పే మొదటి నియమం, రెండు రకాల కణాలకు ఒకే సీసా వాడొద్దని. ఆ ఉదయం పది నిమిషాలు మిగుల్చుకోవడానికి తనే ఆ నియమం తప్పింది. తప్పిన సంగతి కూడా మరిచిపోయింది.

నోట్‌బుక్ మూసేసి ఇంటికి నడిచింది. ఆటో ఎక్కలేదు. ఇంటికి వెళ్లాక కూడా కూర్చోలేక డాబా ఎక్కింది. డాబా మీద బట్టలు ఆరేస్తున్న సోమమ్మ, కూతురు ఈ గోడ నుంచి ఆ గోడకు తిరగడం కాసేపు చూసింది.

"ఏంది బిడ్డా, కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?"

నిరోష చెప్పింది. కణాలు, దాత, సీసా, అన్నీ తల్లికి అర్థమయ్యే మాటల్లో చెప్పింది. సోమమ్మ తడి చీర భుజాన వేసుకునే విన్నది.

"అంటే ఒకరి బిడ్డ ఇంకొకరి తొట్లెల పడ్డట్టా?"

"అట్లనే అమ్మా. తొట్లెల పండవెట్టింది నేనే. మాట మాత్రం ఆ పిల్లను, సింధూజను అన్నా."

సోమమ్మ చీర దులిపి తీగ మీద వేసింది. "మా దవాఖానల ఒక్కపారి అయింది. నా చేతుల మీదనే. రెండు కాన్పులు ఒక్కతీరుగ అయినయ్. తానం పోసి బట్టల చుట్టి పండవెట్టిన. చేతికి దారం కట్టుడు మరిచిన. గంట సేపు అయినంక నాకు యాదికొచ్చింది, దీన్ని గీడ పెట్టిన్నా, గాడ పెట్టిన్నా అని."

"ఎవ్వరు చూడలేదా?"

"ఎవరు చూస్తరు? ఇద్దరు ఆడపిల్లలే. తల్లులు సోయిల లేరు. నోరు మూసుకుంటే అయిపోతుండె. డాక్టరమ్మ కాడికి పోయి చెప్పిన. రక్తం చూసి తేల్చిన్రు. తిట్టరాని తిట్లు తిట్టింది. నెల దినాలు బట్టలుతికే కాడ పెట్టింది."

"నువ్వు నాకెన్నడు చెప్పలే."

"గొప్ప ముచ్చటనా చెప్పుకోనికి?" అంది సోమమ్మ. ఇంకో చీర అందుకుంటూ, "ఆ పిల్ల ఇల్లెక్కడ?" అని అడిగింది.

సింధూజ మల్కాజ్‌గిరిలో ఇద్దరు స్నేహితురాళ్లతో అద్దెకు ఉంటోంది. మర్నాడు పొద్దున నిరోష అక్కడికి వెళ్లింది. ఆ పిల్ల తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా గడపలోనే నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"రిపోర్ట్ వచ్చిందా మేడం?"

"వచ్చింది. కాన్సర్ కణాలే. కలిపింది నేనే సింధూజా. జూన్‌ల నువ్వు పెళ్లికి పోయినప్పుడు, ఒకే సీసా వాడిన. నోట్‌బుక్‌ల నా చేతితోటే రాసుకున్న."

సింధూజ తలుపు అంచు పట్టుకుంది. "వారం రోజుల సంది నిద్ర లేదు మేడం నాకు. నేనే చేసిన్నేమో, ఎప్పుడు చేసిన్నో అని రోజు రోజు యాది చేసుకున్న. మీరు ఒక్క మాట అన్నరు. అది నిజమేమో అనుకున్న."

"తప్పు మాట అన్న."

"మీరు సారీ చెప్తే నా మూడు చాప్టర్లు వస్తయా?"

"రావు."

"నా ఫెలోషిప్ ఇంకొక సంవత్సరమే ఉన్నది."

"తెలుసు."

సింధూజ తలుపు వేసుకుంది. గట్టిగా కాదు. నిరోష మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ రోజే పత్రికకు ఉత్తరం రాసింది, పేపరు వెనక్కి తీసుకుంటున్నామని, కారణం ఇదని, పొరపాటు తనదని. శశిధర్‌కు చూపించింది. ఆయన రెండుసార్లు చదివాడు. ఈసారి అద్దాలు తుడవలేదు.

"కింద నా పేరు లేదేం?"

"తప్పు నాది కదా సార్."

"పేపరు మింద నా పేరుండాది గదా. మైసూర్‌పాక్ పంచింది నేనే గదా. వద్దన్నది గూడా నేనే. పెట్టు నా పేరు," అన్నాడు.

బెంగళూరు సదస్సుకు వెళ్లలేదు. విభాగంలో మాత్రం ఒక సెమినార్ పెట్టమని తనే అడిగింది. ఆ మధ్యాహ్నం హాలు నిండింది. కొందరు జాలితో వచ్చారు, కొందరు చూద్దామని వచ్చారు. నిరోష తెర మీద ముందు తన వంకర రాత ఉన్న పేజీ వేసింది. తరవాత కుప్పపడ్డ కణాలు, పక్కన పెట్టిన గ్రాఫు, జెల్ మీద గీత. ఒక్కచోట నిలవలేక అటూ ఇటూ నడుస్తూనే నలభై నిమిషాలు మాట్లాడింది. మధ్యలో వెనక వరసలోంచి ఇద్దరు లేచి బయటికి వెళ్లారు. అవమానించారనుకుంది. సాయంత్రం తెలిసింది, వాళ్లు వేరే ల్యాబు విద్యార్థులు. తమ కణాలు తాము అనుకున్నవేనా అని చూసుకోవడానికి వెళ్లారు.

సింధూజ రెండు వారాలు రాలేదు. గైడ్‌ను మార్చమని దరఖాస్తు పెట్టుకుంటుందని విభాగంలో అనుకున్నారు. నిరోష కూడా అదే అనుకుని, ఆమె గురించి ఒక మంచి ఉత్తరం రాసి సిద్ధంగా పెట్టుకుంది. మూడో సోమవారం ఆ పిల్ల వచ్చి నేరుగా ఏప్రిల్ నాటి కణాల జాబితా అడిగింది.

"శుభ్రంగ ఉన్నయ్ ఎన్ని మేడం?"

"ఆరు సీసాలు."

"మళ్ల మొదటి నుంచి పెడత. ఒక కండిషన్. నా ప్లేట్లు మీరు ముట్టుకోవద్దు. నేను లేకుంటే సచ్చిపోనియ్యిండ్రి."

"సరే," అంది నిరోష.

ఆ 'సరే' అన్నంత తేలిక కాలేదు. ఒకసారి సింధూజకు జ్వరం వచ్చి మూడు రోజులు రాలేదు. కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ అద్దంలోంచి పసుపు తిరుగుతున్న మీడియం కనిపిస్తూనే ఉంది. పసుపు తిరిగిందంటే కణాలు ఆకలితో ఉన్నట్టు. నిరోష చేతులు వెనక్కి కట్టుకుని ఆ గదిలోకి పదిసార్లు వెళ్లి పదిసార్లు బయటికి వచ్చింది. తలుపు తెరవలేదు. ఆ ప్లేటు చచ్చిపోయింది. జ్వరం తగ్గి వచ్చాక సింధూజ దాన్ని పారబోస్తూ, "థాంక్స్ మేడం," అంది.

ఆగస్టుకు కొత్త కణాలు ఇరవై రెండో రోజు దాటాయి. ఈసారి కుప్పపడలేదు. అంచులు తేటగా, పక్కపక్కనే పరుచుకున్నాయి. ఒక్క కణం కూడా విడిపోయి రెండు కాలేదు. మగ గీత లేదు. మందును విరగ్గొట్టే పరీక్షలో నిజమైన లివర్ చేసినంత కాకపోయినా సగం దాకా చేశాయి. లివర్ కణాలయ్యాక పదకొండో రోజు దాకా నిలిచాయి. పన్నెండో రోజు ఉదయం సింధూజ మైక్రోస్కోపు దగ్గర నుంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"పోయినయ్ మేడం."

"అన్నీనా?"

"సగం. మిగిలినవి రేపటిదాక ఉండయ్."

"ఇంతకుముందు ఏడు రోజులు. ఇప్పుడు పదకొండు," అంది నిరోష, ఆమె వెనక అటూ ఇటూ నడుస్తూ.

"నాలుగు రోజులతోటి థీసిస్ అయితదా మేడం?"

"అయితది. నాలుగు రోజులు ఎందుకు ఎక్కువ బతికినయో చెప్పగలిగితే అయితది."

సింధూజ నోట్‌బుక్ దగ్గరికి లాక్కుని తేదీ వేసింది. నిరోష పక్క గదికి వెళ్లింది. మీడియంలో కిందటేడు ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా ఏమేం మార్చారో ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టింది.